అన్నభేది డ్రమ్ములో ఎండ చేసే పని: ఇనుము, నిమ్మ ఉప్పు, వెలుతురు

ఈ ఎపిసోడ్‌లో ఇనుము గురించి, ఎండ గురించి మాట్లాడుకుందాం. బెజవాడలో కూర్చుని ఎండ గురించి వేరే చెప్పాలా అంటారేమో. మనం చూడబోయేది ఒళ్లు మాడ్చే వేడి గురించి కాదు. అదే ఎండలోని వెలుతురు నీళ్లలో కరిగిన ఇనుప లవణాన్ని ఎలా మారుస్తుందో చూద్దాం.

ఈ విషయం ఎత్తుకోవడానికి ఒక రైతు పంపిన ప్రశ్న కారణం. ఆయనది బందరు కాలువ కింద వ్యవసాయం. ప్రశ్న ఆయన మాటల్లోనే చెబుతాను. "మాస్టారూ, మెట్ట నారుమడి పచ్చబడితే అన్నభేది కొట్టమన్నారు. పొద్దున డ్రమ్ములో కలిపాను, లేత ఆకుపచ్చగా ఉంది. కూలీలు రాక ఆలస్యమైంది. మధ్యాహ్నానికి ఇటుక రంగుకి తిరిగింది. పక్క చేనాయన ఇంకాస్త నిమ్మ ఉప్పు వేసి ఎండలో పెట్టు, మళ్లీ బాగవుతుంది అన్నాడు. కొట్టతనేమో ఎండ తగిలితే మందు చచ్చిపోతుంది అన్నాడు. ఎవరి మాట వినాలి?"

ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. ఎంత నిజమో తేల్చుకుంటే డబ్బు మిగులుతుంది, పైరు మిగులుతుంది. దాంతోపాటు చక్కటి రసాయన శాస్త్రం కూడా తెలుస్తుంది.

ఇనుముకి రెండు వేషాలు

ముందు అన్నభేది అంటే ఏంటో చూద్దాం. అది ఫెర్రస్ సల్ఫేట్. లేత ఆకుపచ్చ పలుకులుగా దొరుకుతుంది. ఇనుము పరమాణువు రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంటే ఫెర్రస్ అంటాం. ఇంకొకటి కూడా పోతే, అంటే మొత్తం మూడు పోతే, ఫెర్రిక్ అంటాం. తేడా ఒక్క ఎలక్ట్రానే. కానీ నీళ్లలో ఈ రెండిటి నడవడిక పూర్తిగా వేరు.

ఫెర్రస్ ఇనుము నీళ్లలో హాయిగా కరిగి ఉంటుంది. ఫెర్రిక్ ఇనుము బాగా పుల్లటి నీళ్లలో మాత్రమే కరుగుతుంది. నీళ్లలో పులుపు తగ్గితే నీటితో కలిసి తుప్పు బురదగా అడుగున కూర్చుంటుంది. మన డెల్టాలో చేతి పంపు కొట్టగానే నీళ్లు తేటగా వస్తాయి. బిందెలో కాసేపు ఉంచితే పైన ఎర్రటి తెట్టు కడుతుంది, చూసే ఉంటారు. భూమి లోపల గాలి లేదు కాబట్టి ఇనుము ఫెర్రస్‌గా ఉంది. బయటికి రాగానే గాలిలోని ఆక్సిజన్ ఆ మూడో ఎలక్ట్రాన్ని లాక్కుంది. అంతే, తుప్పు.

ఇదే మార్పుని పెడన కలంకారీ వాళ్లు తరతరాలుగా వాడుకుంటున్నారు. తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో నానేసి పులియబెడతారు. ఆ పులుపులో ఇనుము కరుగుతుంది. కరక్కాయ నీళ్లు పట్టించిన గుడ్డ మీద దాన్ని అద్దితే, గాలి తగిలేకొద్దీ నలుపు తేలుతుంది. ఫెర్రస్ ఫెర్రిక్‌గా మారి, కరక్కాయలోని టానిన్లతో పెనవేసుకుని నల్లబడుతుంది అన్నమాట. అద్దకంలో ఈ మార్పు మనకి కావాలి. స్ప్రే డ్రమ్ములో మాత్రం వద్దు.

ఈ ఆక్సీకరణం ఎంత వేగంగా జరుగుతుందో నీళ్ల పీహెచ్ నిర్ణయిస్తుంది. మామూలు బోరు నీళ్ల స్థాయిలో పీహెచ్ ఒక్క అంకె పెరిగితే ఆ వేగం సుమారు వంద రెట్లు అవుతుంది. పుల్లటి నీళ్లలో రోజులు పట్టే పని, ఉప్పు, బైకార్బనేట్లు ఉన్న బోరు నీళ్లలో నిమిషాల్లో, గంటల్లో అయిపోతుంది. ఆ రైతు డ్రమ్ము మధ్యాహ్నానికే ఇటుక రంగుకి తిరగడం వెనక ఉన్న మొదటి కారణం ఇదే. రంగు మార్చింది గాలీ, నీళ్లూ. ఎండ వేడి ఆ పనిని కొంచెం తొందరపెట్టిందంతే.

పైరుకి ఇనుము ఎందుకు అందదు?

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. నేలలో ఇనుముకి కరువు లేదు. మట్టి బరువులో కొన్ని శాతం ఇనుమే ఉంటుంది. అయినా పైరు ఆకలితో ఉంటుంది. ఎందుకంటే ఆ ఇనుమంతా ఫెర్రిక్ రూపంలో, కరగని తుప్పుగా ఉంటుంది. సున్నం ఎక్కువున్న నేలల్లో, క్షార గుణం ఉన్న నేలల్లో ఇది మరీ ఎక్కువ.

నీళ్లు నిలిచిన వరి మడిలో ఈ సమస్య మామూలుగా రాదు. మడిలో నీళ్లు నిలవగానే మట్టిలోకి గాలి ఆడదు. అప్పుడు బాక్టీరియా ఆక్సిజన్‌కి బదులు ఫెర్రిక్ ఇనుముని వాడుకుని, దానికి ఎలక్ట్రాన్ ఇచ్చి ఫెర్రస్‌గా మార్చేస్తాయి. ఇలా ఎలక్ట్రాన్ ఇవ్వడాన్నే క్షయకరణం అంటాం. వరి వేరు ఆ ఫెర్రస్‌ని నేరుగా పీల్చుకుంటుంది. కాలువలకి నీళ్లు ఆలస్యమై మెట్ట నారుమడి పోసినప్పుడు, పొడి దుక్కిలో విత్తనం వెదజల్లినప్పుడు ఆ సౌకర్యం ఉండదు. అప్పుడు కొత్తగా వచ్చే ఆకులు పసుపుపచ్చగా, ముదిరితే తెల్లగా పాలిపోతాయి. పత్రహరితం తయారవ్వాలంటే ఇనుము కావాలి కదా. చెరకు కార్శి తోటల్లో కూడా ఇదే కనిపిస్తుంది.

కొత్త ఆకులు అన్నాను, గమనించండి. ముదురు ఆకుల్లో ఉన్న ఇనుము లేత ఆకులకి కదిలి రాదు. అందుకే ఇనుము లోపం ఎప్పుడూ లేత ఆకుల్లోనే ముందు కనపడుతుంది. నత్రజని లోపమైతే ముదురు ఆకుల్లో మొదలవుతుంది. వరి కోశాక వేసే మినుములో ఆకుల మీద పసుపు మచ్చలు చెదురుమదురుగా వస్తే అది పల్లాకు తెగులు అయ్యుండొచ్చు. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ అది. దానికి ఎంత అన్నభేది కొట్టినా ఉపయోగం లేదు. కాబట్టి డ్రమ్ము కలిపే ముందే ఆకు చూసి, అనుమానం ఉంటే రైతు సేవా కేంద్రంలోనో కృషి విజ్ఞాన కేంద్రంలోనో చూపించండి.

నిమ్మ ఉప్పు చేసే మూడు పనులు

సరే, లోపం ఇనుముదే అని తేలింది. అన్నభేదిలో నిమ్మ ఉప్పు కలపమని వ్యవసాయ శాఖ వాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. వేరుశనగలో ఎకరానికి 200 లీటర్ల నీళ్లు, కిలో అన్నభేది, 200 గ్రాముల నిమ్మ ఉప్పు అనే లెక్క చాలామందికి తెలుసు. అంటే లీటరుకి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు. వరి నారుకి, చెరకుకి మోతాదు వేరు. మీ పంటకి ఎంతో స్థానిక అధికారిని అడగండి. నేను ఈ 5, 1 లెక్కని ఉదాహరణగా తీసుకుంటాను.

నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, మూడు పనులు చేస్తుంది. మొదటిది, నీళ్లని పుల్లగా ఉంచుతుంది. దాంతో ఫెర్రస్ ఫెర్రిక్‌గా మారే వేగం బాగా తగ్గుతుంది. రెండోది, ఎలాగో ఫెర్రిక్‌గా మారిపోయిన ఇనుముని పీత డెక్కలతో పట్టుకున్నట్టు పట్టుకుని, బురదగా కూర్చోనివ్వకుండా నీళ్లలో తేల్చి ఉంచుతుంది. దీన్నే ఫెర్రిక్ సిట్రేట్ అంటాం. రంగు తేయాకు డికాషన్‌లా ఉంటుంది. ఇందులో ఒక విశేషం ఉంది. మొక్క కూడా తన వేరు నుంచి ఆకు దాకా ఇనుముని ఈ ఫెర్రిక్ సిట్రేట్ రూపంలోనే మోసుకెళ్తుంది. మన చిట్కా మొక్కకి కొత్తేమీ కాదు.

మూడో పని కోసమే ఈ ఎపిసోడ్. ఫెర్రిక్ సిట్రేట్ మీద వెలుతురు పడితే ఇనుము మళ్లీ ఫెర్రస్ అవుతుంది. ఎలా? ఆ డికాషన్ రంగు ఎందుకు వచ్చిందో ఆలోచించండి. ఎండలోని నీలి కాంతిని, కంటికి కనపడని అతినీలలోహిత కాంతిని ఫెర్రిక్ సిట్రేట్ మింగేస్తోంది. మిగతా పసుపు, ఎరుపు మన కంటికి చేరుతున్నాయి. మింగిన ఆ కాంతి శక్తితో సిట్రేట్ నుంచి ఒక ఎలక్ట్రాన్ ఎగిరి ఇనుము మీదికి దూకుతుంది. మూడు పోగొట్టుకున్న ఇనుముకి ఒకటి తిరిగొచ్చింది. ఫెర్రిక్ కాస్తా ఫెర్రస్ అయింది. కాంతి వల్ల జరిగే క్షయకరణం ఇదే.

మరి ఎలక్ట్రాన్ ఇచ్చిన సిట్రేట్ సంగతేంటి? అది విరిగిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ బుడగగా బయటికి పోతుంది, మిగిలింది వేరే పదార్థంగా మారుతుంది, అది కూడా నెమ్మదిగా విరుగుతూ చివరికి అసిటోన్ దాకా వెళ్తుంది. ఒక్క సిట్రేట్ అణువు మొదటి మెట్టులో రెండు ఎలక్ట్రాన్లు ఇస్తుంది, అంటే రెండు ఇనుములని వెనక్కి తిప్పుతుంది. ఇక అది నిమ్మ ఉప్పు కాదు, ఇనుముని పట్టుకోలేదు.

దీన్ని ఇలా గుర్తుపెట్టుకోండి. పొలంలో ఆయిల్ ఇంజన్ ఉందనుకోండి. హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసేది ఎండ. తగలబడే డీజిల్ మాత్రం నిమ్మ ఉప్పు. ఎండ ఉచితమే, కానీ ఎండ పనిచేసిన ప్రతిసారీ డబ్బాలో డీజిల్ తగ్గుతుంది.

రెండు సీసాల పరీక్ష

వీడియోలో చూపించినది చదువుతున్న వాళ్ల కోసం మళ్లీ చెబుతాను. కాలేజీ పిల్లలు లాబ్‌లో మాస్టారి ముందు చేసుకోవచ్చు. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ కొంచెం నీళ్లలో వేసి, పల్చటి టీ రంగు వచ్చేలా కలిపాను. రెండు తేట ప్లాస్టిక్ సీసాల్లో అంచు దాకా నింపి మూతలు పెట్టాను. ఒకదానికి నల్లగుడ్డ చుట్టాను. రెండూ డాబా మీద ఎండలో పెట్టాను. రెండిటికీ వేడి ఒకలాగే తగులుతుంది, వెలుతురు మాత్రం ఒకదానికే.

కాసేపటికి గుడ్డ చుట్టని సీసాలో రంగు పాలిపోయింది. గోడల మీద చిన్న చిన్న బుడగలు పట్టాయి. అదే కార్బన్ డయాక్సైడ్. మధ్యమధ్యలో మూత వదులు చేస్తుండండి, గాజు సీసా వాడకండి. గుడ్డ చుట్టిన సీసాలో రంగు అలాగే ఉంది. కాబట్టి ఈ పని వేడిది కాదు, వెలుతురుది.

తర్వాత పాలిపోయిన నీళ్లని ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి, టీ చల్లార్చినట్టు నాలుగుసార్లు తిరగబోశాను. గాలి కలిసింది. రంగు మళ్లీ రావడం మొదలైంది. గాలి ఎలక్ట్రాన్ తీసుకుంటుంది, వెలుతురు సిట్రేట్ దగ్గర్నుంచి ఇంకోటి తెచ్చి ఇస్తుంది. సిట్రేట్ అయిపోయేదాకా ఈ చక్రం తిరుగుతూనే ఉంటుంది. అయిపోయాక వెలుతురు ఉన్నా లాభం లేదు. ఇనుము బురదై కూర్చుంటుంది.

ఇంకో సంగతి. ఈ చక్రం తిరిగేటప్పుడు మధ్యలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. అది ఫెర్రస్‌తో కలిస్తే హైడ్రాక్సిల్ రాడికల్ అనే చాలా చురుకైన పదార్థం వస్తుంది. ఎదురొచ్చిన ప్రతి సేంద్రియ పదార్థాన్నీ అది కొరికేస్తుంది. ఫ్యాక్టరీల మురుగు నీళ్లు శుభ్రం చేయడానికి దీన్ని కావాలనే పుట్టిస్తారు, ఫోటో ఫెంటన్ పద్ధతి అంటారు. బంగ్లాదేశ్‌లో బోరు నీళ్లలోని ఆర్సెనిక్‌ని తగ్గించడానికి స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు ఇదే చక్రాన్ని ప్రయత్నించారు. తేట సీసాలో నీళ్లు పోసి, నాలుగు చుక్కల నిమ్మరసం పిండి, ఎండలో పెట్టడం. ఆ నీళ్లలో ఇనుము ముందే ఉంటుంది.

కొత్త సంగతి కాదు

ఇదేదో నిన్న మొన్న కనిపెట్టింది అనుకోకండి. ఫెర్రిక్ ఆక్సలేట్ ద్రావణం ఎండలో మారిపోతుందని జర్మన్ శాస్త్రవేత్త డోబెరైనర్ 1831లోనే గమనించాడు. 1842లో ఇంగ్లండులో జాన్ హెర్షెల్ ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్‌ని పొటాషియం ఫెర్రిసయనైడ్‌తో కలిపి కాగితానికి పూసి ఎండలో పెట్టాడు. వెలుతురు పడ్డచోట ఇనుము ఫెర్రస్ అయి, ఫెర్రిసయనైడ్‌తో కలిసి ముదురు నీలంగా మారింది. నీడ పడ్డచోట మారలేదు, నీళ్లతో కడిగితే పోయి కాగితం తెల్లగా మిగిలింది. ఇంజనీర్లు దశాబ్దాల పాటు తమ ప్లాన్లకి నకళ్లు ఇలాగే తీసుకున్నారు. నీలం మీద తెల్ల గీతలు. రోజూ పేపర్లలో చదివే బ్లూప్రింట్ అనే మాట అక్కడి నుంచే వచ్చింది. రాజధాని బ్లూప్రింట్ అంటారే, ఆ మాట వెనక ఉన్నది ఇదే ఇనుము, ఇదే సిట్రేట్, ఇదే ఎండ.

మన వాళ్ల పేరు కూడా ఇందులో ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో మొదలైంది బెజవాడలోనే, 1930లో వాల్తేరు వెళ్లింది. అక్కడి రసాయన శాస్త్ర విభాగంలో ఆచార్య జి. గోపాలరావు గారు, ఆయన శిష్యులు 1950లలో వెలుతురుని లాబ్‌లో పనిముట్టుగా వాడారు. ఫెర్రిక్ ఇనుముకి ఆక్సాలిక్ ఆమ్లం కలిపి, వెలుతురులో ఫెర్రస్‌గా మార్చి, తర్వాత టైట్రేషన్ చేసి ఇనుము ఎంత ఉందో లెక్కగట్టే పద్ధతుల మీద పరిశోధన పత్రాలు ప్రచురించారు. ఖరీదైన లోహపు పొడుల బదులు వెలుతురుతోనే క్షయకరణం అయిపోతుంది.

ఆ రోజుల్లోనే, 1956లో, హాచర్డ్, పార్కర్ అనే ఇద్దరు ఫెర్రిక్ ఆక్సలేట్ లవణంతో వెలుతురుని కొలిచే పద్ధతిని స్థిరపరిచారు. ఎంత ఇనుము మారిందో చూస్తే ఎంత కాంతి పడిందో తెలిసిపోతుంది. ప్రపంచమంతా లాబుల్లో ఈరోజుకీ వాడతారు. అందులో ఒక తమాషా ఉంది. ఒక కాంతి కణం పడితే ఒక ఇనుము మారాలి కదా. అక్కడ సుమారు 1.2 మారుతుంది. కారణమేంటంటే, మొదటి ఎలక్ట్రాన్ ఇచ్చి సగం విరిగిన ఆక్సలేట్ ముక్క నిలకడ లేక, వెలుతురు అవసరం లేకుండానే రెండో ఎలక్ట్రాన్‌ని ఇంకో ఇనుముకి ఇచ్చేస్తుంది. ఒక్క సిట్రేట్ రెండు ఇనుములని తిప్పుతుంది అన్నాను కదా, ఆ సూత్రమే ఇది.

నీళ్లలో ఫెర్రస్ ఎంతుందో పరీక్షించే లాబుల్లో కూడా ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. రంగు పరీక్ష చేసేటప్పుడు సీసాని కిటికీ దగ్గర ఎండలో పెడితే, ఫెర్రిక్ కొంత ఫెర్రస్‌గా మారి లెక్క తప్పుతుంది.

ఇక డ్రమ్ము లెక్క

ఇప్పుడు పక్క చేనాయన మాట తూకం వేద్దాం. నిమ్మ ఉప్పు ఇంకొంచెం వేసి ఎండలో పెడితే మందు బాగవుతుందా?

లీటరుకి 5 గ్రాముల అన్నభేదిలో, 1 గ్రాము నిమ్మ ఉప్పులో అణువులు లెక్కపెడితే, ఒక్కో సిట్రేట్‌కి దాదాపు నాలుగు ఇనుములు వస్తాయి. ఒక్క సిట్రేట్ రెండు ఇనుములనే తిప్పగలదు. అంటే ఇనుమంతా ఫెర్రిక్ అయిపోతే, ఉన్న నిమ్మ ఉప్పంతా ఖర్చుపెట్టినా సుమారు సగమే వెనక్కి వస్తుంది, అదీ ఒక్కసారికి. పైన గాలి ఊరుకోదు, వచ్చినదాన్ని మళ్లీ తీసుకుపోతుంది. కాబట్టి మన మోతాదులో నిమ్మ ఉప్పు అసలు పని మొదటి రెండే. చెడిపోయాక బాగుచేయడానికి అది చాలదు.

రెండో ఇబ్బంది వెలుతురు లోపలికి వెళ్లకపోవడం. సీసాలో పల్చటి టీ రంగు నీళ్లు కాబట్టి వెలుతురు అంతటా చేరింది. డ్రమ్ము గోడలు తేటగా ఉండవు, వెలుతురు పైనుంచే పడాలి. ముదురు ఇటుక రంగు నీళ్లలో ఆ నీలి కాంతి పై పొరలోనే ఆగిపోతుంది. కింద వంద లీటర్లు చీకట్లోనే ఉంటాయి.

మూడోది, ఒకసారి బురదై అడుగున కూర్చున్న తుప్పుని సిట్రేట్ మళ్లీ కరిగించాలంటే చాలా టైం పడుతుంది. పాతబడేకొద్దీ ఆ తుప్పు గట్టిపడుతుంది. దాన్ని అలాగే ట్యాంకులో పోస్తే నాజిల్ మూసుకుపోతుంది, ఆకు మీద మరకలు మిగులుతాయి, ఆకు లోపలికి ఇనుము వెళ్లదు.

కాబట్టి ఆయన చెప్పిన మార్పు నిజంగానే ఉంది, డ్రమ్ములో మాత్రం గిట్టుబాటు కాదు. ఇటుక రంగు బురద కట్టిన మందుని బాగుచేసే ప్రయత్నం మానేసి కొత్తగా కలుపుకోవడమే మేలు. అన్నభేది ఖరీదైన సరుకు కాదు. నారుమడి వారం రోజులు వెనకబడితే పోయేది అంతకంటే ఎక్కువ.

కొట్టతని మాట? ఎండ తగిలితే మందు చచ్చిపోతుంది అన్నాడు. అన్నభేది విషయంలో అది నిజం కాదు, పాడు చేసేది గాలి, క్షార నీళ్లు. కానీ కొట్లో ప్యాకెట్లలో అమ్మే ఇనుము ఈడీటీఏ విషయంలో ఆయన మాట చాలావరకు నిజం. ఈడీటీఏ కూడా సిట్రేట్ లాగే ఇనుముని డెక్కలతో పట్టుకునే పదార్థం. వెలుతురులో అదీ ఇనుముకి ఎలక్ట్రాన్ ఇచ్చి తను విరిగిపోతుంది. విరిగినప్పుడు ఫార్మాల్డిహైడ్ కూడా వస్తుంది. టిష్యూ కల్చర్ మొక్కల ద్రావణాల్లో వెలుతురు వల్ల ఇలా జరిగి వేళ్లు సరిగ్గా పెరగడం లేదని, నీలి కాంతిని ఆపే పసుపు రంగు పలక అడ్డుపెడితే ఆ నష్టం ఆగుతుందని 1991లో హంగార్టర్, స్టాసినోపులోస్ అనే ఇద్దరు చూపించారు. అందుకే ఆ ద్రావణాన్ని లాబుల్లో ముదురు రంగు సీసాల్లో దాస్తారు. మీరు కూడా కలిపిన ఈడీటీఏ ద్రావణాన్ని తేట క్యాన్‌లో ఎండలో వదిలేయకండి.

ఏం చేయాలి?

నీళ్ల దగ్గర మొదలుపెడదాం. అందుబాటులో ఉంటే కాలువ నీళ్లు వాడండి, ఉప్పు బోరు నీళ్ల కంటే సాధారణంగా అవి నయం. బోరు నీళ్లలో లీటరుకి 300 మిల్లీగ్రాముల బైకార్బనేట్ ఉందనుకుందాం. అర గ్రాము నిమ్మ ఉప్పు వేస్తే దానిలోని ఆమ్లంలో మూడింట రెండు వంతులు ఆ బైకార్బనేట్‌ని చల్లార్చడానికే ఖర్చవుతుంది. ఇక ఇనుముని కాపాడేదెవరు?

వరస కూడా ముఖ్యం. ముందు నీళ్లలో నిమ్మ ఉప్పు కరిగించండి, తర్వాత అన్నభేది వేయండి. అన్నభేది ముందు వేస్తే, పులుపు వచ్చేలోపే ఇనుము కొంత తుప్పవుతుంది. కొనేటప్పుడు పలుకులు ఆకుపచ్చగా ఉన్నాయో లేదో చూడండి. పైన పసుపు, గోధుమ రంగు పొడి బాగా కట్టి ఉంటే గాలి ముందే దాని పని చేసేసిందని అర్థం.

కూలీలు వచ్చాకే కలపండి. ఎంత కొట్టగలరో అంతే కలపండి. డీఏపీ లాంటి భాస్వరం మందులతో, సున్నంతో, క్షార గుణం ఉన్న మందులతో కలపొద్దు. భాస్వరం తగిలితే ఇనుము ఫాస్ఫేట్‌గా గడ్డకట్టి కూర్చుంటుంది.

ఎప్పుడు కొట్టాలి? ఉదయం గానీ, ఎండ తగ్గాక సాయంత్రం గానీ. ఆకు మీద పడ్డ చుక్క పల్చగా ఉంటుంది కాబట్టి వెలుతురు దానిలో అంతటా చేరుతుంది, ఫెర్రిక్‌ని తిప్పే పని అక్కడ కొంత జరగొచ్చు. కానీ మిట్టమధ్యాహ్నం చుక్క నిమిషాల్లో ఆరిపోతుంది. ఆరిన లవణం ఆకులోకి వెళ్లదు, పైగా ఆకు మాడుతుంది. ఎక్కువసేపు తడిగా ఉండటమే మనకి ముఖ్యం. ఇనుము పాత ఆకు నుంచి కొత్త ఆకుకి కదలదు కాబట్టి ఒక్కసారితో ఆపకుండా, అధికారి చెప్పినట్టు వారం వారం రెండు మూడు సార్లు కొట్టాలి. వరిలో అయితే కాలువ నీళ్లు రాగానే మడి నింపండి. ఆ తర్వాత మట్టిలోని బాక్టీరియానే ఇనుముని ఫెర్రస్‌గా మార్చి వేరుకి అందిస్తాయి, డ్రమ్ము అవసరం తగ్గిపోతుంది.

పిల్లలకి ఒక మాట. బ్లూప్రింట్ పరీక్ష చేయాలనుకుంటే ఫెర్రిసయనైడ్‌ని ఎప్పుడూ ఆమ్లాలతో కలపొద్దు, వేడి చేయొద్దు, మాస్టారు పక్కన లేకుండా చేయొద్దు. వేపాకునో, గోరింటాకు రెమ్మనో కాగితం మీద పెట్టి మన ఎండలో కాసేపు ఉంచి నీళ్లతో కడగండి. నీలం మీద తెల్లటి ఆకు అచ్చు తేలుతుంది. వెలుతురు ఎక్కడ ఇనుముకి ఎలక్ట్రాన్ ఇప్పించిందో ఆ బొమ్మే చెబుతుంది.

మీ ఊళ్లో బోరు నీళ్లు ఎర్రబడుతుంటే ఇంట్లో వడకట్టుకునే పద్ధతులేంటో వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం.